నొక్కుల లెక్క: తెలుగు కీబోర్డు పుట్టుక, నడక, వేగం

టైపింగు వేగాన్ని నిమిషానికి ఇన్ని పదాలని చెప్పడం ఆనవాయితీ అయినా, ఆ కొలతలోని పదం నిఘంటువులో దొరికే పదం కాదు; అక్షరాలు, విరామచిహ్నాలు, పదాల మధ్య ఖాళీలు అన్నీ కలుపుకొని ఐదు నొక్కులను ఒక పదంగా కట్టే లెక్క అది. కేంద్ర ప్రభుత్వ గుమాస్తా ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ ఇంగ్లీషులో నిమిషానికి 35 పదాలు, హిందీలో 30 పదాలు కోరుతూ, వాటినే గంటకు 10,500, 9,000 నొక్కులుగా కూడా చెప్పడం ఈ లెక్క ప్రకారమే. ఇంగ్లీషు పదాల పొడవును బట్టి కుదిరిన ఈ కొలబద్ద తెలుగుకు ఎంతవరకు సరిపోతుందో తేల్చాలంటే, వేళ్ల కింద ఉన్న మీటల పలక ఎలా పుట్టి ఎలా మారిందో ముందుగా చూడాలి.

క్రిస్టఫర్ లాథమ్ షోల్స్ తన సహచరులతో కలిసి అమెరికాలోని మిల్వాకీలో రూపొందించిన టైపు యంత్రానికి 1868లో పేటెంటు లభించగా, తుపాకుల తయారీలో పేరున్న రెమింగ్టన్ సంస్థ దాని మెరుగుపడిన రూపాన్ని 1874లో అంగట్లోకి తెచ్చింది. నేటికీ కంప్యూటర్ల మీద కనిపించే క్వెర్టీ వరుస ఆ యంత్రం నుంచి వచ్చినదే. మీట నొక్కగానే అచ్చు అక్షరాన్ని మోసుకొచ్చి కాగితానికి తాకించే కడ్డీలు ఒకదానికొకటి చిక్కుకోకుండా అక్షరాలను అలా చెదరగొట్టారని చాలాకాలంగా చెప్పుకొంటున్నా, తొలినాటి టెలిగ్రాఫ్ ఉద్యోగుల అవసరాలే ఆ వరుసను తీర్చాయని క్యోటో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో వాదించారు. 1888 జూలై 25న సిన్సినాటి నగరంలో జరిగిన పందెంలో, మీటలను చూడకుండా కొట్టే ఫ్రాంక్ మెగరిన్, చూస్తూ కొట్టే లూయిస్ ట్రాబ్‌ను ఓడించాడు. అయితే ఇద్దరి యంత్రాలూ వేరు, ఇద్దరి అలవాట్లూ వేరు కావడంతో, గెలిచింది యంత్రమా అలవాటా అన్నది ఆ పందెం విడదీసి చూపలేకపోయింది. వేగాలను పోల్చే ప్రతి ప్రయత్నానికీ నేటికీ తగులుతున్న చిక్కు అదే.

తెలుగు ఈ యంత్రంలో సులువుగా ఇమడలేదు. నలభై చిల్లర మీటలున్న యంత్రంలో, షిఫ్టు మీటతో వచ్చే రెండో వరుసను కలుపుకొన్నా తొంభై దాకా ఆకారాలే పడతాయి. తెలుగులోనేమో ప్రతి హల్లుకూ గుణింతం, ప్రతి గుణింతానికీ అడుగున ఒత్తులు చేరి అక్షర రూపాలు వేలకు చేరతాయి. అందుచేత అక్షరాన్ని ముక్కలుగా విడదీసి, హల్లు ఆకారాన్ని ఒక మీట మీద, గుడి, కొమ్ము, ఒత్తు వంటివాటిని వేరే మీటల మీద ఉంచి, అవి కాగితం మీద ఒకచోట కలిసేలా ఏర్పాటు చేయవలసి వచ్చింది. ఇందుకు తోడ్పడినది డెడ్ కీ, అంటే నొక్కినప్పుడు గుర్తును అచ్చువేస్తుంది గాని కాగితాన్ని మోసే క్యారేజిని ముందుకు జరపని మీట. ఈ యంత్రం మీద పనిచేసిన టైపిస్టు వేళ్లకు పట్టుబడింది అక్షరాన్ని గీసే క్రమం. పలికే క్రమంతో దానికి పెద్దగా సంబంధం లేదు.

1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం రావడం, 1974లో వావిలాల గోపాలకృష్ణయ్య తొలి అధ్యక్షుడిగా అధికార భాషా సంఘం ఏర్పడడంతో కార్యాలయాల్లో తెలుగు టైపు అవసరం పెరిగింది. ఊరూరా వెలసిన టైపు ఇన్‌స్టిట్యూట్లలో ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్ అంటూ వేళ్లకు దారి నేర్పే సాధనతో మొదలుపెట్టి, సాంకేతిక విద్యా శిక్షణ మండలి జరిపే లోయరు, హయ్యరు పరీక్షలు గట్టెక్కడం ఒక తరానికి ఉద్యోగ మార్గమైంది. 1955 నుంచి టైపు యంత్రాలు తయారుచేసిన గోద్రెజ్ సంస్థ 2009లో ఆ పని నిలిపివేసింది.

అప్పటికే కంప్యూటరు అసలు చిక్కును మరో విధంగా విప్పింది. కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ప్రకటించి 1988లో సవరించిన ఇన్‌స్క్రిప్ట్ అమరికను, భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ఇస్కీ అనే లిపి సంకేతాల ప్రమాణంతో పాటు ఆమోదించింది. ఇందులో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమ చేతి వైపు, హల్లులలో అధిక భాగం కుడి చేతి వైపు ఉంటాయి. క మీటకే షిఫ్టు చేర్చితే ఖ వస్తుంది. పలికే వరుసలో నొక్కుకుంటూ పోతే, గుణింతాన్ని ఎక్కడ అతకాలో, ఒత్తును ఎక్కడ దించాలో సాఫ్ట్‌వేరూ ఫాంటూ చూసుకుంటాయి. హిందీకీ ఒడియాకీ ఇదే అమరిక కావడం వల్ల ఒక భాషలో అలవడిన చేయి మరో భాషలోనూ పనికివస్తుంది.

అనకాపల్లి జిల్లా నర్సీపట్నం రెవెన్యూ డివిజన్‌లోని మండల కేంద్రమైన రోలుగుంట పేరునే తీసుకొని పరిశీలించవచ్చు. కంటికి అది నాలుగు అక్షరాలు. ఇన్‌స్క్రిప్ట్‌లో ర, ఓత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము, సున్న, ట అని 8 నొక్కులు. షిఫ్టు అవసరం ఒక్కసారీ రాదు. కుడి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, ఎడమ అంటూ చేతులు వంతులవారీగా పనిచేస్తాయి; గుం దగ్గర మాత్రం కొమ్మూ సున్నా రెండూ ఎడమ చేతికే పడతాయి. ఒక చేయి నొక్కుతుండగా రెండోది తన మీట వైపు సాగగలగడం ఈ అమరికలోని అసలు బలం. పొరుగున ఉన్న నర్సీపట్నం కూడా కంటికి నాలుగు అక్షరాలే అయినా, ర్సీ, ట్న అనే రెండు సంయుక్తాక్షరాలకు పొల్లు గుర్తు రెండుసార్లు నొక్కాలి గనుక 10 నొక్కులు పడుతుంది. అక్షరాల లెక్క ఒక్కటే అయినా వేళ్ల శ్రమ ఒక్కటి కాదు.

అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం పేరుతో 1990ల తొలినాళ్లలో వాడుకలోకి వచ్చిన ఆర్టీఎస్ పద్ధతి, తెలుగు మాటను రోమను అక్షరాలతో కొట్టి తెలుగులోకి మార్చుకొనే మార్గం చూపి ప్రవాసాంధ్రులకు ఎంతో ఉపకరించింది. ఈ పద్ధతిలో రోలుగుంటకు 9 అక్షరాలు, వాటిలో మూడింటికి షిఫ్టు, మొత్తం 12 నొక్కులు కావాలి. నొక్కులు పెరగడానికి ముఖ్య కారణం షిఫ్టు; హల్లులో ఇమిడి ఉన్న అకారాన్ని కూడా విడిగా కొట్టవలసి రావడంతో మరో నొక్కు చేరుతుంది. అయితే అమ్మ అనే మాటకు రోమనులో 4 నొక్కులు చాలగా, ఇన్‌స్క్రిప్ట్‌లో అకారానికి షిఫ్టు కావడంతో 5 పడతాయి. ఒకటి రెండు మాటలతో అమరికల మీద తీర్పు చెప్పడం అందుకే తగదు. ఇక డీటీపీ కేంద్రాల్లో అను ఫాంట్లతో యాపిల్, మాడ్యులర్ అమరికలకు అలవాటుపడిన చేతులు వేరే ఉన్నాయి.

నిమిషానికి 150 నొక్కులు, అంటే పరీక్ష లెక్కలో 30 పదాల వేగం ఉన్న మనిషి, ఖాళీనీ షిఫ్టునీ కలుపుకొని చూస్తే, ఇన్‌స్క్రిప్ట్‌లో రోలుగుంట పేరును 16 సార్లు, రోమనులో 11 సార్లు పూర్తిచేయగలడు. పైగా తెలుగులో విభక్తులు మాటకే అతుక్కుంటాయి. రోలుగుంటలోనుంచి అనేది ఒకే పదం, 15 నొక్కులు. పరీక్షాధికారి పదాలను విడివిడిగా లెక్కపెడితే తెలుగు టైపిస్టు నష్టపోతాడు. ఐదు నొక్కులను పదంగా లెక్కపెడితే న్యాయం కొంత దగ్గరవుతుంది గాని, ఎక్కువ నొక్కులు కోరే అమరికకు ఎక్కువ వేగం ఉన్నట్టు కనిపించే ప్రమాదం మిగిలే ఉంటుంది.

అలవాటు విషయంలో ఫిన్లాండులోని ఆల్టో విశ్వవిద్యాలయ పరిశోధకులు తోటి పరిశోధకులతో కలిసి 2018లో వెలువరించిన అధ్యయనం విలువైనది. ఇంటర్నెట్ ద్వారా 1,68,000 మంది ఇచ్చిన 13.6 కోట్ల నొక్కులను పరిశీలించగా సగటు వేగం నిమిషానికి 52 పదాలని తేలింది. వేగంగా కొట్టేవారు తప్పులు తక్కువ చేస్తారనీ, ఒక మీట మీది వేలు పూర్తిగా లేవకముందే తరువాతి మీటను నొక్కుతారనీ, పది వేళ్లూ శాస్త్రోక్తంగా వాడనివారు కూడా వేగం అందుకోగలరనీ అది చూపింది. తప్పును దిద్దడానికి పోయే కాలం తెలుగులో ఇంకా ముఖ్యం. చాలా అనువర్తనాల్లో బ్యాక్‌స్పేస్ ఒక గుర్తును మాత్రమే చెరిపితే, డిలీట్ అక్షరం మొత్తాన్ని చెరుపుతుంది. ఈ తేడా ఎరిగిన చేతికి అనవసరపు నొక్కులు తప్పుతాయి.

2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాలతో ఊళ్ల పేర్లూ మనుషుల పేర్లూ కంప్యూటరులో నమోదు చేసే పని మండలాల కన్నా కిందికి, గ్రామాల దాకా చేరింది. అక్కడ పేరులో ఒక కొమ్ము తప్పితే నష్టం పౌరునికే. కాబట్టి తెలుగులో వేగాన్ని పరీక్షించే సంస్థలు ఏ అమరికలో కొట్టారో నమోదు చేసి, నిమిషానికి పూర్తయిన తప్పులేని అక్షరాలనూ, వాటికి పట్టిన నొక్కులనూ రెండు వేర్వేరు అంకెలుగా ప్రకటించాలి. తమ వేగాన్ని తామే చూసుకోదలచినవారు కూడా గుణింతాలు, ఒత్తులు సమంగా ఉన్న ఒకే తెలుగు పేరాను, ఒకే అమరికలో, ఐదు నిమిషాల పాటు కొట్టి చూసుకోవడం మంచిది. కొత్తగా నేర్చుకొనేవారు ఇన్‌స్క్రిప్ట్‌తోనే ప్రారంభించడం మేలు.