సంఘపు వ్యానునకు ఏ చక్రములు మేలు?

ఎద్దుబండి కాలమున చక్రమును గూర్చి రైతునకు ఒకరు బోధింపవలసిన పని లేకుండెను. ఆకులకు ఏ కఱ్ఱ తగునో, పూటీలు ఎప్పుడు వదులగునో, ఇనుప పట్టా ఎప్పుడు మార్పింపవలెనో వడ్రంగితో సమానముగ అతడును చెప్పగలిగియుండెను. నేడు బండి స్థానమును వ్యాను ఆక్రమించినది. మన పాలు, కూరగాయలు, ఎరువుల బస్తాలు దాని మీదనే పోవుచున్నవి. చక్రమును గూర్చిన వివేచనను మాత్రము మనము దుకాణదారునకు విడిచిపెట్టితిమి.

ఇటీవల మా సంఘపు కార్యవర్గ సమావేశమున ఈ ప్రశ్నయే వచ్చినది. వ్యాను చక్రములలో రెండు త్రుప్పు తిని పనికిమాలినవయ్యెను. నాలుగింటిని మార్చి అల్యూమినియపు చక్రములు వేయింతమని కొందఱును, ఉక్కు చక్రములే చాలునని కొందఱును పట్టుపట్టిరి. “అవి చూపునకు అందమే గాక తేలికయు గదా, డీజిలు మిగులును” అని యొక యువసభ్యుడు వాదించెను. ఆ మాటలో నిజము లేకపోలేదు. కావున ఉభయపక్షములను తూచి చూతము.

ఘన సెంటీమీటరు ఉక్కు సుమారు 7.85 గ్రాములు తూగును, అల్యూమినియము 2.7 గ్రాములు మాత్రమే తూగును. అయితే అల్యూమినియపు చక్రమును ఉక్కు రేకుకంటె దళసరిగా పోతపోయుదురు. కావున లోహములందలి భేదమంతయు చక్రములందు కానరాదు. చక్రమొకటికి 2 కిలోలు తగ్గినవనుకొందము. నాలుగింటికి 8 కిలోలు. ఇది పాలు నిండిన 40 లీటర్ల క్యానులో అయిదవ వంతు బరువు. 750 కిలోల సరకు మోయు వ్యానునకు ఇది నూటికి ఒక పాలు. ఇంతమాత్రమున మిగులు డీజిలు స్వల్పము.

అల్యూమినియమునకు వేఱు గుణములును గలవు. ఉక్కుకంటె అది వేడిని త్వరగా ప్రసరింపజేయును. ఘాటు రోడ్లపై మాటిమాటికి బ్రేకు వేయు బండ్లకు ఇది కొంత మేలు. స్ప్రింగుల క్రింద నుండు బరువు తగ్గినకొలది చక్రము రోడ్డును చక్కగ అంటి పరుగిడును. 1924 సంవత్సరమున బుగాటీ కంపెనీవారు తమ పందెపు కారునకు అల్యూమినియపు చక్రములు పోతపోసి తగిలించిరి. వేగమునకు అవి తగినవే. మన వ్యాను పరుగు పందెములకు పోవునది కాదు; చెఱువుగట్టు మీద, గుంతల బాటలో, నిండు బరువుతో నడచునది.

అట్టి బాటలో దెబ్బ తగిలినపుడు ఏ చక్రము ఎట్లు చెడునో తెలిసికొనవలెను. ఉక్కు చక్రము రేకును ఒత్తి వెల్డింగు చేసినది. గట్టి దెబ్బకు అది సాధారణముగ వంగును. కొద్ది వంకరను పనివాడు సరిచేయగలడు. అంగట దొరకు అల్యూమినియపు చక్రములలో పెక్కు పోతపోసినవి. నూటికి సుమారు 7 పాళ్లు సిలికానును, కొంచెము మెగ్నీషియమును గలిపి, వేడిమిచే పదును పెట్టినవి. హద్దు మీరిన దెబ్బకు అవి కొంచెము వంగి, పిదప చిట్లును. చిట్లినదానిని వెల్డింగు చేసినచో ఆ పదును పోవును. కావున దానిని తిరిగి వాడరాదు. బిగింపు రంధ్రముల యొద్ద బీటవారిన ఉక్కు చక్రమునకును ఇదియే న్యాయము.

2023 వర్షకాలమున నేను పొరుగు గ్రామపు పాలవ్యానులో తెల్లవారుజామున పోవుచుంటిని. తూము యొద్ద నీట మునిగిన గుంతలో వెనుక చక్రము పడి చిట్లెను. స్టెప్నీలో గాలి లేదు. వేఱొక బండి వచ్చుసరికి మిట్టమధ్యాహ్నమయ్యెను, పాలన్నియు విఱిగెను. డెబ్బది యిండ్లవారి ఆ పూట రాబడి రోడ్డు ప్రక్క కాలువ పాలయ్యెను. తరువాత మెకానిక్కు ఆ చక్రమును త్రిప్పి, వెనుక పోతలో నున్న అంకెను చూపెను. అది కారునకు చేసిన చక్రము. చవుకగ దొరకినదని తెచ్చి వ్యానునకు బిగించిరి. తప్పు లోహముది కాదు. అంకెను చదువని వారిదే.

కావున చక్రము ఏ లోహముదైనను ముందు దాని మోతను విచారింపుడు. వ్యాను వెనుక ఇరుసు మోయదగు గరిష్ఠ భారము 1,000 కిలోలైనచో ఒక్కొక్క చక్రము 500 కిలోలకు తక్కువ కానిదై యుండవలెను. ఇరుసు భారమును వాహనపు పత్రములందు చూడుడు. చక్రము మీది అంకె పౌనులలో నున్నచో 2.2 చే భాగింపుడు. అంకె కానరానిచో అమ్మువానిచే వ్రాతపూర్వకముగ తీసికొనుడు, ఈయనిచో కొనకుడు. బోల్టుల వలయము, నడిమి రంధ్రము, రిమ్ము వెడల్పు కూడ బండికి సరిపోవలెను.

రైతుల వ్యానునకు వేఱొక చిక్కును గలదు. పొటాషు ఎరువు చెమ్మతో గలసి ఉక్కును త్రుప్పు పట్టించును; అల్యూమినియమున గుంటలు పెట్టును. మైలుతుత్తపు నీరు రెంటికిని శత్రువే. సున్నము అల్యూమినియమును తినును. బోర్డో మిశ్రమము మోసిన దినమున చక్రములను మంచినీట కడుగక విడువరాదు. ఉక్కు చక్రమునకు పెచ్చులూడిన చోట గీకి రంగు వేసినచో చిరకాలము నిలుచును.

ఉక్కు చక్రపు నట్లు అల్యూమినియపు చక్రమునకు సరిపడకపోవచ్చును. అల్యూమినియపువి వేసి, స్టెప్నీ ఉక్కుదిగా నుంచినచో, దాని నట్లను వ్యానులోనే భద్రపఱుపవలెను. ఏ చక్రము మార్చినను నట్లను ఎదురెదురుగ బిగించి, 50 మొదలు 100 కిలోమీటర్లు నడచిన పిదప మరల బిగింపవలెను.

మా కార్యవర్గము తుదకు రెండు క్రొత్త ఉక్కు చక్రములు కొని, తక్కినవానికి రంగు వేయించుటకు తీర్మానించినది. మిగిలిన సొమ్మును టైర్లకు కేటాయించినది. వాదించిన యువకుడే చక్రముల తనిఖీ బాధ్యతను స్వీకరించెను. మంచి తారు రోడ్డు మీదనే దూరప్రయాణములు చేయు వ్యాను గల సంఘమువారు, తగిన మోత గల అల్యూమినియపు చక్రములు వేసికొన్నచో ఆక్షేపింపనక్కరలేదు. బాటను, బరువును, మరమ్మతు సౌకర్యమును చూచి నిర్ణయింపవలెను గాని మెఱుపును చూచి కాదు.

సభ్యులారా! రేపు ఉదయము వ్యాను బయలుదేరుటకు ముందు చక్రముల వెనుక వైపును ఒకమారు పరీక్షింపుడు. స్టెప్నీలో గాలియు చూడుడు. ఆ నాలుగు చక్రముల మీద పోవునది మన యందఱి కష్టార్జితము.