మన కందులకు కాపలా కాస్తున్న మంచునేల

వినుకొండ చుట్టుపక్కల మెట్టరైతుకు విత్తనమంటే ప్రాణం. మా అమ్మ విత్తనాల కందులకు ఎర్రమట్టి పట్టించి, ఎండబెట్టి, వేపాకు వేసి, కుండలో పోసి మూతికి గుడ్డ కట్టేది. ఆ ఇంట్లో పెరిగినదాన్ని. అందుకే స్వాల్బార్డ్ కబురు ఎప్పుడొచ్చినా చెవి ఒగ్గుతాను.

నార్వేకు ఉత్తరాన ఆర్కిటిక్‌లో ఉన్న ఆ దీవుల్లో, ఒక కొండ లోపల 2008లో ప్రపంచ విత్తన భాండాగారం తెరిచారు. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ లక్షకు పైగా నమూనాలు అక్కడ దాచింది. కంది, శనగ, వేరుశనగ, జొన్న, సజ్జ, అన్నీ మన చేల పంటలే! రేకు పొట్లాల్లో మూసి, పెట్టెల్లో సర్ది, మైనస్ 18 డిగ్రీల చలిలో ఉంచుతారు. కరెంటు పోయినా కొండ చల్లగానే ఉంటుందని ధీమా. అక్కడి నేల పర్మాఫ్రాస్ట్ మరి. అంటే వరసగా కనీసం రెండేళ్లు సున్నా డిగ్రీలు దాటని నేల.

2016 అక్టోబరులో అక్కడ భారీ వానలు పడ్డాయి. నీళ్లు భాండాగారంలోకి వెళ్లే సొరంగం మొదట్లోకి చేరి గడ్డకట్టాయి. విత్తనాలకేమీ కాలేదు. తర్వాత సొరంగాన్ని చుక్క దూరకుండా మళ్లీ కట్టారు.

భాండాగారం ఎత్తున, రాతిలో ఉంది కాబట్టి సరిపోయింది. ఆర్కిటిక్ సముద్రపు ఒడ్డున గడ్డకట్టిన మట్టినేలల గతి వేరు. అక్కడ ఇసుకనూ ఒండ్రునూ పట్టి ఉంచేది లోపలి మంచే. వేసవి అలలు గట్టు అడుగును కరిగించి తొలిచేస్తాయి. పైనున్న నేల పెద్ద పెద్ద పెళ్లలుగా విరిగి నీళ్లలో పడుతుంది. పూర్వం సముద్రం మీద పేరుకున్న మంచు అలలకు అడ్డుపడేది. ఇప్పుడది త్వరగా కరిగి, ఆలస్యంగా కడుతోంది. అలాస్కాలోని డ్రూ పాయింట్ దగ్గర తీరం ఏడాదికి 10 మీటర్లకు మించి కోసుకుపోతోంది. అదే రాష్ట్రంలో, నేల కరిగి నది కోసేస్తున్న న్యూటాక్ ఊరివాళ్లు 2019 నుంచి విడతలుగా మెర్టార్విక్‌కు తరలిపోయారు.