ఒక్క బిట్ మార్చడానికి అంత హంగామా ఎందుకు?

బోయినపల్లి మండలం మాన్వాడ దగ్గరి మిడ్ మానేరు జలాశయానికి 25 గేట్లున్నాయి. ఏడో గేటు ఒక్కటే ఎత్తాలంటే మొత్తం గేట్ల పట్టిక తెప్పించి, ఏడోది దిద్ది, పట్టికంతా తిరిగి పంపుతామా? చిప్పులో మాత్రం తరచూ జరిగేది అదే.

చిప్పులోని రిజిస్టర్ అంటే బిట్ల వరుస, సాధారణంగా 32. ఒక బిట్ 1 అయితే దీపం వెలుగుతుంది, ఇంకోటి మోటారు తిప్పుతుంది. ఒక్కటి మార్చాలన్నా ప్రాసెసర్ వరుసంతా చదవాలి, దిద్దాలి, తిరిగి రాయాలి. ఆలస్యం సంగతి అటుంచండి, అసలు చిక్కు వేరు. చదివాక, రాసేలోపు ఇంటరప్ట్ (చేస్తున్న పనిని మధ్యలో ఆపి వేరే పని చేయించే పిలుపు) వచ్చి మోటారు ఆపిందనుకోండి. ప్రాసెసర్ తన దగ్గరున్న పాత వరుసే రాసేస్తుంది. మోటారు మళ్లీ తిరుగుతుంది! ఈ తప్పు ఎప్పుడో ఒకసారే బయటపడుతుంది కాబట్టి పట్టుకోవడం మహా కష్టం.

మరి ఎలా? ఎస్‌టీఎం32 చిప్పుల్లో బీఎస్‌ఆర్‌ఆర్ అనే రిజిస్టర్ ఉంది. కింది 16 బిట్లలో ఒకదానిలో 1 రాస్తే దానికి చెందిన పిన్ (చిప్పు కాలు) ఆన్, పై 16లో రాస్తే ఆఫ్. 0 రాసినచోట ఏదీ కదలదు. చదవనక్కర్లేదు, ఒక్క రాతతో సరి. 2021లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పికో అనే చిన్న బోర్డులో చాలా రిజిస్టర్లకు అదనంగా మూడేసి చిరునామాలుంటాయి: బిట్‌ను 1 చేయడానికొకటి, 0 చేయడానికొకటి, తిరగేయడానికొకటి. బడి ల్యాబ్‌లో పికో ఉంటే ప్రయత్నించి చూడండి.