మంట మీద వేలాడే జిడ్డు

హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి సూర్యాపేట, కోదాడల మీదుగా పోతుంది. రాత్రీ పగలూ బస్సులూ లారీలూ తిరిగే ఆ దారిలో పొయ్యి ఆరని వంటశాలలకు కొదవలేదు. వ్యాన్‌లోనే పొయ్యి, గ్యాస్ బండ బిగించుకుని మిర్చి బజ్జీలు, నూడుల్స్ అమ్మే ఫుడ్ ట్రక్కులదీ అదే వ్యాపారం. అలాంటి బండిలో పొయ్యిని రోజూ తుడుస్తారు. పైన వేలాడే చిమ్నీ జోలికి మాత్రం ఎవరూ పోరు.

దాని దగ్గరి చుట్టాన్ని చూడాలంటే మిర్యాలగూడ పోవాలి. అక్కడి రైస్‌మిల్లుల్లో ధూళిని పట్టే గరాటు ఆకారపు రేకు సైక్లోన్‌కు 1885లో అమెరికాలో జాన్ ఫించ్ పేటెంటు తీసుకున్నాడు. లోపల గాలి సుడి తిరుగుతుంది. ఊక నలుసులు బరువు వల్ల గాలితోపాటు మలుపు తిరగలేక గోడకు కొట్టుకుని కిందికి జారతాయి.

చిమ్నీలో జరిగేదీ ఇదే. కాగే నూనెలోంచి లేచిన ఆవిరి పైకి పోతూ చల్లబడి సన్నటి తుంపరలవుతుంది. వంపు తిరిగిన స్టీలు పట్టీల బ్యాఫిల్ ఫిల్టర్‌లో గాలి మెలికలు తిరిగి పోతుంది, తుంపరలు రేకుకు తగిలి ట్రేలోకి కారతాయి. పట్టీలు ఏటవాలుగా ఉంటేనే ఆ కారడం సాగుతుంది. జాలీ ఫిల్టర్ చవకే కానీ నూనెను తనలోనే దాచుకుంటుంది, అదీ మంటకు ఎదురుగా. రోజంతా వేపుళ్లు చేసే బండికి అది పనికిరాదు.

ఫిల్టర్‌ను దాటిన జిడ్డు గొట్టంలో, ఫ్యాన్ రెక్కల మీద పేరుకుంటుంది. బాండీలో లేచిన మంట దాన్ని అందుకుంటే గొట్టం పొడవునా పాకుతుంది. ట్రక్కులో ఇంకో చిక్కుంది. గతుకుల్లో బోల్టులు వదులవుతాయి, జిడ్డు బరువుకు రెక్కలు తూకం తప్పుతాయి. ఫ్యాన్ శబ్దం మారిందంటే గొట్టం విప్పి చూడాల్సిందే. అమెరికాలో వాణిజ్య వంటశాలలకు వర్తించే ఎన్‌ఎఫ్‌పీఏ 96 ప్రమాణం ప్రకారం కట్టెలూ బొగ్గుల మీద వండేచోట నెలకోసారి, వంట జోరుగా సాగేచోట మూడు నెలలకోసారి ఈ వ్యవస్థను తనిఖీ చేయాలి. ఫిల్టర్ కడగడానికి అంతకాలం ఆగితే ఎలా? వేపుళ్ల బండిలో అది రోజువారీ పని. వేడినీళ్లు, డిటర్జెంట్ చాలు. కాస్టిక్ సోడా వాడితే జిడ్డు తొందరగా వదిలే మాట నిజమే కానీ, అల్యూమినియం ఫిల్టరైతే దాన్ని కూడా తినేస్తుంది, పైగా మండే హైడ్రోజన్ వాయువు పుడుతుంది.

చిమ్నీ పీల్చినంత గాలి బయటినుంచి లోపలికి రావాలి. చలికీ వానకీ కిటికీలన్నీ మూస్తే ఫ్యాన్ ఊరికే తిరుగుతుంది, పొగ బండిలోనే ఉండిపోతుంది, కార్బన్ మోనాక్సైడ్ ముప్పు పెరుగుతుంది. వంటగ్యాస్ సంగతి వేరు. అది గాలికంటే బరువైనది కనుక లీకైతే నేల మీద పరుచుకుంటుంది, నెత్తిమీది చిమ్నీకి అందదు. అందుకే నేలమట్టంలో గాలి పోయే కంతలు వదలాలి.

బాండీలో నూనె అంటుకుంటే గ్యాస్ కట్టేసి మూత పెట్టాలి. నీళ్లు పోశారో, అవి ఒక్కసారిగా సుమారు 1,700 రెట్లు ఉబ్బే ఆవిరై మండే నూనెను బండంతా చిమ్ముతాయి. వంటనూనె మంటల కోసం తయారైన వెట్ కెమికల్ సిలిండర్‌లోని పొటాషియం లవణాలు నూనెతో కలిసి, దాని పైన సబ్బు నురగ పొరలా కమ్మి మంటను ఆర్పుతాయి. ఆ సిలిండర్‌ను పొయ్యి పక్కన కాకుండా తలుపు దగ్గర తగిలించండి.