ఏలగిరి దారి: ఎక్కే లెక్క, దిగే లెక్క

చెన్నైలో రెండు రోజులు సెలవు దొరికితే కారున్న ఇళ్లలో ముందు వినిపించే పేరు ఏలగిరి. దూరం సుమారు 230 కిలోమీటర్లు. తెల్లవారకముందే బయల్దేరితే శ్రీపెరుంబుదూరు, రాణిపేట, వేలూరు, ఆంబూరు దాటి ఎండ ముదరకముందే కొండమీద ఉండొచ్చు. అయితే ఈ దారిలో కిలోమీటర్ల కన్నా మీటర్లు ముఖ్యం.

చెన్నై సముద్రమట్టానికి పది మీటర్ల ఎత్తు కూడా ఉండదు. వేలూరు 216 మీటర్లు, కొండ కిందున్న జోలార్‌పేట ప్రాంతం సుమారు 400. రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు నడిపినా ఎక్కేది ఆ 400 మీటర్లే, అదీ మనకు తెలియకుండానే. పొన్నేరి దగ్గర (చెన్నైకి ఉత్తరాన ఉన్న పొన్నేరి కాదు) కొండదారి పట్టాక, మిగిలిన 700 మీటర్లనూ పదిహేను కిలోమీటర్ల లోపే ఎక్కాలి. 14 హెయిర్‌పిన్ మలుపులూ అక్కడే. వాటికి తమిళ కవుల పేర్లు, దానశీలురుగా పేరుపడ్డ సంగకాలపు పాలకుల పేర్లు పెట్టారు. ఆ బోర్డులు చదివే పని పక్క సీట్లో వాళ్లది. ఏర్కాడు దారిలో మలుపులు 20, కొల్లి కొండలకు 70. ఘాట్ రోడ్డు కొత్తగా నేర్చుకునేవారికి ఏలగిరే మంచిది.

చలికోటు మాత్రం అక్కర్లేదు. వెయ్యి మీటర్లు ఎక్కితే చల్లబడేది సుమారు 6.5 డిగ్రీలు. ఏలగిరి ఎత్తు 1,110 మీటర్లు, ఊటీది 2,240. వేలూరులో 40 డిగ్రీలు కాస్తుంటే కొండమీద 34 దాకా ఉంటుంది. పేదల ఊటీ అన్న పేరు విని మే నెలలో వెళ్లేవారు ఇది గుర్తుంచుకోవాలి. వానల తర్వాత, ఫిబ్రవరి దాకా, ఈ కొండ అందమే వేరు.

అందం కోసమే వెళ్లేవారికి నా ఓటు జవ్వాది కొండల దారికి. ఆరణి, పోలూరు మీదుగా జమునామరత్తూరు ఎక్కి, కావలూరు, ఆలంగాయం వైపు దిగితే ఏలగిరి చేరువే. హైవే కన్నా చాలా ఆలస్యం, కానీ లారీల బదులు అడవి. 725 మీటర్ల ఎత్తున్న కావలూరులో 2.34 మీటర్ల టెలిస్కోపు ఉంది. 1986లో దానికి పేరు పెట్టింది వేణు బప్పు జ్ఞాపకార్థం. నిజామియా వేధశాలలో తండ్రి ఉద్యోగం వల్ల హైదరాబాదులో పెరిగి, నిజాం కాలేజీలో చదివిన శాస్త్రవేత్త ఆయన. తెలుగువాళ్లు అక్కడ ఓసారి ఆగాలి.

ఇక దిగడం. మనుషులతో, సామానుతో 1,500 కిలోలున్న కారును 700 మీటర్లు ఎక్కించడానికి దాదాపు కోటి జౌళ్ల శక్తి కావాలి. ఇంజను పెట్రోలులోని శక్తిలో పావువంతే పనికి మారుస్తుందనుకుంటే, లీటరుంబావు అదనంగా కాలుతుంది. దిగేటప్పుడు ఆ కోటి జౌళ్లూ ఎక్కడికో పోవాలి. అంతా బ్రేకుల మీదే వేస్తే పుట్టే వేడి సుమారు 35 లీటర్ల నీళ్లను మరిగించగలదు. బ్రేకు పట్టు తప్పేది అందుకే. రెండో గేరులో వదిలితే ఆ భారంలో చాలా భాగం ఇంజను మోస్తుంది. ఎలక్ట్రిక్ కారైతే కొండమీద బ్యాటరీ పూర్తిగా నింపకండి. నిండిన బ్యాటరీ దిగేటప్పుడు పుట్టే శక్తిని తీసుకోలేదు.

తిరుమల ఘాట్ నియమం వెనకా ఇదే లెక్క ఉంది: ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40. తిరుమలలో ఎక్కే దారి, దిగే దారి వేరువేరు. ఏలగిరిలో రెండూ ఒకటే. ఇరుకు మలుపులో ఎదురుపడితే ఆగాల్సింది దిగే బండి, ఎక్కే బండి కాదు. వారాంతం సాయంత్రం చెన్నై తొందరలో దిగేవారు ఎక్కువగా మరిచేది ఈ ఒక్క నియమాన్నే.