వేసవి రాత్రి వాలై వేట

అమెరికాలోని మిన్నెసోటాలో జూలై నెలలో పొద్దు గూకేసరికి రాత్రి తొమ్మిదవుతుంది. పగలంతా చెరువు మీద తిరిగిన పడవలు ఒక్కొక్కటే ఒడ్డు చేరుతుంటే, వాలై చేప కోసం వచ్చినవాళ్లు అప్పుడే గాలాలు సర్దుకుంటారు. 1965 నుంచి వాలై ఆ రాష్ట్రపు అధికారిక చేప. మినియాపొలిస్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగువాళ్లకు కూడా పేరైనా తెలిసిన చేపే. మరి దాన్ని రాత్రిపూటే ఎందుకు పట్టాలి? జవాబు దాని కంట్లో ఉంది.

వాలై కంటి రెటీనా వెనుక, లోపలికి వచ్చిన వెలుతురును వెనక్కి తిప్పికొట్టే పొర ఒకటుంటుంది. హెడ్‌లైట్ పడగానే రోడ్డు మీది పశువుల కళ్లు మెరిసేది కూడా ఇలాంటి పొర వల్లే. కంట్లోకి వెళ్లిన కాస్త వెలుతురూ రెండుసార్లు అక్కరకొస్తుంది కాబట్టి మసక చీకట్లో వాలైకి చూపు బాగా ఆనుతుంది. దీనికి ఇష్టమైన ఆహారం యెల్లో పెర్చ్ అనే చిన్న చేప. పెర్చ్ పగటి జీవి. పొద్దు వాలితే దాని చూపు మందగిస్తుంది, రాత్రి అడుగున కదలకుండా పడి ఉంటుంది. ఒకరికి కనిపిస్తూ ఇంకొకరికి కనిపించని ఆ వేళే వాలైకి భోజనవేళ.

అంటే ఇక్కడ లెక్క గడియారానిది కాదు, వెలుతురుది. కెనడా సరిహద్దులోని లేక్ ఆఫ్ ది వుడ్స్‌లో నీళ్లు టీ రంగులో ఉంటాయి. వెలుతురు లోతుకు దిగదు కాబట్టి అక్కడ వాలై పట్టపగలే పడుతుంది. గాలికి అలలు లేచి నీటి పైభాగం చెదిరిన రోజున మామూలు చెరువుల్లోనూ పగలు ఎర అందుకుంటుంది. నీళ్లు తేటగా, గాలి లేకుండా, ఎండ మండుతున్న రోజునే అది లోతుకు వెళ్లిపోతుంది. అలాంటి చోట రాత్రిదాకా ఆగక తప్పదు. మిన్నెసోటాలోని మిల్ ల్యాక్స్ సరస్సు ఇందుకు మంచి ఉదాహరణ. 2005లో అక్కడ జీబ్రా మస్సెల్ అనే చిన్న గుల్లజీవి బయటపడింది. అది నీటిని వడగట్టి అందులోని సూక్ష్మజీవులను తింటుంది. ఈ గుల్లజీవులు లక్షలుగా పెరిగే కొద్దీ నీళ్లు తేటబడ్డాయి, వాలై వేట మరింతగా చీకటివైపు జరిగింది.

రాత్రి వాలై లోతు వదిలి, మేత వెతుక్కుంటూ ఒడ్డు దాపుకు వస్తుంది. రెండు మూడు మీటర్ల నీళ్లలోనే తిరుగుతుంది. కొత్తవాళ్లు ఇక్కడే పొరబడతారు. పగలు చేప దొరికిన లోతులోనే రాత్రీ గాలం వేస్తారు. దానికి బదులు ఒడ్డు దగ్గర నీటిలో మునిగిన రాళ్ల దిబ్బలు, నాచు మొక్కలు ఆగిపోయే అంచు, వాగు వచ్చి కలిసే చోటు చూసుకోవాలి. ఆ చోట్లు పగలే చూసి గుర్తు పెట్టుకుంటే చీకట్లో వెతుకులాట ఉండదు.

ఎర విషయంలో రెండు దారులున్నాయి. ఒకటి, సన్నగా పొడుగ్గా ఉండే బొమ్మచేపను నీటిలో లాగడం. నడక కన్నా నెమ్మదిగా లాగాలి. చీకట్లో వాలై ఎరను చూడటమే కాదు, పక్కల వెంట ఉండే పార్శ్వరేఖ అనే జ్ఞానేంద్రియంతో నీటి కదలికనూ పసిగడుతుంది. ఒకే వేగంతో ఊగుతూ పోయే ఎర అయితే దాని ఆచూకీ తప్పిపోదు. రెండోది, చిన్న దీపమున్న బెండు కింద బతికున్న జలగను వేలాడదీయడం. దీపం మునిగిందంటే చేప పట్టినట్టే. అయితే వెంటనే గుంజకూడదు, దారం బిగుసుకునేదాకా చుట్టి అప్పుడు లాగాలి. తలకు కట్టుకున్న లైటును నీటి మీదికి తిప్పకపోవడం మంచిది. లోతు తక్కువ చోట ఆ వెలుగుకు చేప బెదిరి తప్పుకుంటుంది. ముడి వేసుకోవాలంటే పడవలోకి వంగి, ఎరుపు వెలుగులో వేసుకోవాలి.

చేప చేతికొచ్చాక జాగ్రత్త. వాలై పళ్లు సూదుల్లా ఉంటాయి, వీపు రెక్కలోని ముళ్లు గుచ్చుకుంటాయి, మొప్పల మూత అంచు చెయ్యి కోస్తుంది. అందుకే వల, పొడుగు ముక్కు పటకారు దగ్గరుండాలి.

వదిలేసే చేప సంగతి ఇంకా ముఖ్యం. వేసవిలో నీళ్లు వేడెక్కే కొద్దీ, వదిలేసిన చేపల్లో బతకనివి పెరుగుతాయి. మిల్ ల్యాక్స్‌లో ఇలా చచ్చిపోయే చేపలను కూడా ఏటా పట్టుకోదగిన కోటాలోంచే తీసేస్తారు. కొన్నేళ్లు అక్కడ రాత్రి వేటను నిషేధించారు కూడా. ఏ సరస్సులో ఏ నియమం ఉందో, ఎంత పొడవు చేపను ఉంచుకోవచ్చో ఆ ఏటి నిబంధనల్లో చూసుకున్నాకే లైసెన్స్ జేబులో పెట్టుకుని బయల్దేరాలి. లైఫ్ జాకెట్ ఒంటి మీదే ఉండాలి. పడవ ముందు ఎరుపు, ఆకుపచ్చ దీపాలు, వెనుక తెల్ల దీపం వెలుగుతుండాలి. చీకట్లో వాలైకి అన్నీ కనిపిస్తాయి కానీ, ఎదురుగా వచ్చే పడవవాడికి మన దీపం తప్ప ఇంకేమీ కనిపించదు.