అయిదొందల డాలర్ల బేరం

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. కెనడా రాజధాని ఒట్టావాలోని ఓ ఫుట్‌బాల్ జట్టు ఆ మాటే నమ్మింది. రెండో కత్తిని తీసి వేరే జట్టుకు అమ్మేసింది... అయిదొందల డాలర్లకి! ఒట్టావా చరిత్రలో అతి చెత్త బేరం ఏదన్న చర్చ వస్తే ఆ లావాదేవీని పక్కనపెట్టడం కష్టం.

కెనడా ఫుట్‌బాల్ మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. బంతి కోలగా ఉంటుంది. జట్టుకు 12 మంది. బంతిని చేత్తో పట్టుకుని పరిగెడుతూ, ఒకరికొకరు విసురుకుంటూ 110 గజాల మైదానంలో అవతలి గీత దాటించాలి. ఎవరికి, ఎప్పుడు విసరాలో చూసుకునేవాడు క్వార్టర్‌బ్యాక్. జట్టుకు మెదడూ కుడిచెయ్యీ అతనే.

1960 నాటికి ఒట్టావా రఫ్ రైడర్స్ జట్టులో అలాంటివాళ్లు ఇద్దరున్నారు. ఒకరు రస్ జాక్సన్, కెనడావాడు. లెక్కల మాస్టారు కూడా. రెండోవాడు రాన్ లాంకాస్టర్, అమెరికా నుంచి వచ్చాడు. మనిషి పొట్టి... ఆటలో గట్టి. అభిమానులు ‘లిటిల్ జనరల్’ అని పిలుచుకునేవారు. ఆ ఏడాది ఒట్టావా గ్రే కప్ గెలిచింది. కోచ్ ఫ్రాంక్ క్లెయిర్ ఇద్దరినీ మార్చి మార్చి ఆడించేవాడు. కానీ అది ఎంతకాలం సాగుతుంది? 1963లో జాక్సన్‌ను ఉంచుకుని లాంకాస్టర్‌ను సస్కాచెవాన్ రఫ్‌రైడర్స్‌కి ఇచ్చేశారు. పేర్లు ఒకేలా ఉన్నా ఆ రెండూ వేర్వేరు జట్లు.

బేరంలో ఓ షరతు ఉంది. లాంకాస్టర్‌ను మళ్లీ తూర్పు విభాగంలోని ఏ జట్టుకీ ఇవ్వకూడదు!

షరతే ఎదురుతిరిగింది

లీగ్‌లో తూర్పు, పడమర అని రెండు విభాగాలు. ఒట్టావాది తూర్పు, సస్కాచెవాన్‌ది పడమర. రెండు వైపుల విజేతలూ గ్రే కప్ ఫైనల్లో తలపడతాయి. అంటే ఒట్టావా తన పక్కింట్లో ప్రత్యర్థి లేకుండా చూసుకుందిగానీ... ఫైనల్‌ గుమ్మంలో అతను ఎదురుపడొచ్చన్న సంగతి మరిచిపోయింది.

లాంకాస్టర్ మొదటి ఏడాదే తానేంటో చూపించాడు. 1963లో రెండు మ్యాచ్‌ల మొత్తం పాయింట్లతో తేలే పోరులో క్యాల్గరీ తొలి ఆట 35-9తో గెలిచింది. ఇక అయిపోయినట్టే అనుకున్నారంతా. రెండో ఆటను సస్కాచెవాన్ 39-12తో గెలిచి, మొత్తమ్మీద ఒకే ఒక్క పాయింటు తేడాతో గట్టెక్కింది!

1966లో ఒట్టావాకు అసలు దెబ్బ తగిలింది. వాంకూవర్‌లో గ్రే కప్ ఫైనల్. ఒకవైపు జాక్సన్, మరోవైపు లాంకాస్టర్. సగం ఆటకు 14-14. తర్వాత ఒట్టావాకు ఒక్క పాయింటూ రాలేదు. లాంకాస్టర్ విసిరిన బంతులతో మూడు టచ్‌డౌన్లు వచ్చాయి. బంతితో దూసుకెళ్లడంలో దిట్ట అయిన జార్జ్ రీడ్ మరొకటి కలిపాడు. 29-14తో సస్కాచెవాన్ తన చరిత్రలోనే మొదటి గ్రే కప్ అందుకుంది.

తప్పెక్కడ?

ఒట్టావాను సమర్థించేవాళ్ల దగ్గరా బలమైన వాదనే ఉంది. జాక్సన్ సామాన్యుడు కాదు. 1963, 1966, 1969... మూడుసార్లు లీగ్‌లో ఉత్తమ ఆటగాడు. విదేశీ ఆటగాళ్ల సంఖ్యపై పరిమితి ఉన్న లీగ్‌లో కెనడావాడే క్వార్టర్‌బ్యాక్‌ అయితే మరో అమెరికన్‌కు చోటు మిగులుతుంది. 1968లో ఒట్టావా కప్పు గెలిచింది. 1969 ఫైనల్లోనైతే లాంకాస్టర్ జట్టునే 29-11తో ఓడించింది. అలాంటప్పుడు జాక్సన్‌ను ఎంచుకోవడం తప్పెలా అవుతుంది?

తప్పు ఆ మరుసటి ఏడాది బయటపడింది. 1969 ఫైనల్‌తో జాక్సన్ ఆట నుంచి తప్పుకున్నాడు. 1970లో ఒట్టావా 14 మ్యాచ్‌లాడి నాలుగే గెలిచింది. ఆ ఏడాది లీగ్‌లో ఉత్తమ ఆటగాడు ఎవరో తెలుసా? లాంకాస్టర్! జాక్సన్ కంటే రెండేళ్లు చిన్నవాడు. ఇంకా ఎనిమిదేళ్ల ఆట అతనిలో మిగిలే ఉంది. 1978లో రిటైరయ్యేనాటికి అతని పాస్‌ల లెక్క 50,535 గజాలు. లీగ్‌లో అప్పటిదాకా ఎవరూ అంతదూరం వెళ్లలేదు.

ఇద్దరిలో ఒకరిని ఎంచుకోవడం ఏ జట్టుకైనా తప్పదు. వదులుకునేవాడి విలువ కట్టడంలోనే ఒట్టావా బోల్తాపడింది. అంతటి ఆటగాడికి బదులుగా మంచి కుర్రాళ్లను అడిగి ఉంటే జాక్సన్ తర్వాత జట్టు అంతగా తడబడేది కాదేమో. అయితే 1976 ఫైనల్లో అదే ఒట్టావా ఆఖరి నిమిషంలో టామ్ క్లెమెంట్స్ విసిరిన బంతిని టోనీ గేబ్రియెల్ అందుకోవడంతో లాంకాస్టర్ జట్టును 23-20తో ఓడించింది. బేరాన్ని సమర్థించేవాళ్లకు అదో ఊరట!

ఒట్టావా రఫ్ రైడర్స్ 1996లో మూతపడింది. లాంకాస్టర్ కోచ్‌గానూ 1993లో ఎడ్మంటన్‌కు, 1999లో హామిల్టన్‌కు గ్రే కప్‌లు అందించి 2008లో కన్నుమూశాడు. కెనడా ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో మాత్రం జాక్సన్, లాంకాస్టర్ ఇద్దరికీ చోటు దొరికింది.